చాంబర్ మార్చాలన్నోళ్లకు

పోయిన భాగం చదివి ఒక ఇంజనీరింగ్ తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, మీరు దేన్నైనా తిప్పి తిప్పి కులం దగ్గరికే తీస్కొస్తరు. రోడ్డు పక్క షెడ్డోళ్లు బండ్లు పాడు చేస్తరు, అది నిజం కాదా? నా బండి ఆయిల్ డ్రెయిన్ బోల్టు త్రెడ్ మొత్తం కొట్టేసిండు ఒకడు. దానిక్కూడా మనువే కారణమా?"

ఎటకారంగా అడిగినా ప్రశ్న మంచిదే. అందుకే ఈ వారం రాద్దామనుకున్న హాస్టల్ మెస్ చార్జీల సంగతి పక్కన పెట్టి బోల్టు సంగతి రాస్తున్న. ఓపికతో చదవున్రి, కొంచెం గ్రీజు అంటుతది.

తమ్ముడూ, త్రెడ్ పోవడానికి మనువు కారణం కాదు. ఎక్కువ బలం, మెత్తటి అల్యూమినియం, మార్చని వాషర్, ఈ మూడే కారణం. కానీ త్రెడ్ పోయినంక ఎవర్ని అనుమానిస్తరు, ఎవరి మాట నమ్ముతరు, బాగుచేసినోనికి ఎంత ఇస్తరు, ఆ పనిని ఏ పేరుతో పిలుస్తరు? అక్కడ కులం ఉంది. నా బండి మీదనే చెప్త.

నాది పాత స్ప్లెండర్. ఒకసారి టైం లేక హనుమకొండల ఒక సర్వీస్ సెంటర్ల ఇచ్చిన. పేరు వద్దు. సాయంత్రం తెచ్చుకొని ధర్మసాగర్ వచ్చిన. తెల్లారి చూస్తే బండి కింద అరచేయంత నల్ల మరక. వేలితో తిప్పితే బోల్టు ఊరికే తిరుగుతంది, బిగుసుకోదు, ఊడి రాదు. మళ్లీ తీస్కపోయిన. అద్దాల క్యాబిన్ల కూసున్న సూపర్‌వైజర్ బండిని చూడకముందే "బయట ఎక్కడో చేయించిన్రు సార్" అన్నడు. నిన్న మీ దగ్గర్నే చేయించిన, ఇదిగో బిల్లు అన్న. బిల్లు చూసి, నన్ను చూసి, "మీది ఏ ఊరు?" అన్నడు. ధర్మసాగర్ అన్న. "ధర్మసాగర్ల ఎక్కడ?"

ఈ "ఎక్కడ" అనే మాట మనందరికీ తెలుసు. అద్దె ఇల్లు అడగవోతే వినిపిస్తది, ఇంటర్వ్యూల వినిపిస్తది, పెండ్లి భోజనాల కాడ వినిపిస్తది. ఊర్లెనా, వాడలెనా అని సూటిగా అడిగే ధైర్యం లేనోళ్లు అడిగే ప్రశ్న అది. బోల్టు ఊడిన బండికి కూడా ఈ ప్రశ్న అవసరం పడుతదని ఆరోజే తెలిసింది. జవాబు చెప్పిన. అప్పుడు తీర్పు వచ్చింది: "చాంబర్ మొత్తం మార్చాలె. ఇంజన్ దించాలె. రిపేర్ చేస్తే గ్యారంటీ ఉండదు." ఎస్టిమేట్ ఐదంకెల్లో రాసిచ్చిండు.

బండిని ట్రాలీ ఆటోల ఏసుకొని ధర్మసాగర్ల మా మేస్త్రీ షెడ్డుకు తెచ్చిన. పేరు రాయొద్దన్నడు, రాయను. మా వాడ మనిషే. పదో తరగతి ఫెయిల్. నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, ఒక కంప్రెషర్, అదీ షెడ్డు.

ముందు బోల్టు గురించి నాలుగు ముక్కలు చెప్పాలె, లేకపోతే అతను చేసిన పని విలువ తెల్వదు. మన ఊర్లల్ల తిరిగే ఇట్లాంటి 100 సీసీ బండ్ల ఇంజన్ అడుగున ఒక బోల్టు ఉంటది. 17 నెంబర్ పానా పడుతది. బోల్టు మందం 12 మిల్లీమీటర్లు, ఒక మర నుంచి ఇంకో మరకు దూరం ఒకటిన్నర మిల్లీమీటర్. బోల్టు ఉక్కు, చాంబర్ అల్యూమినియం. రెండూ పట్టు పట్టుకుంటే ఓడేది అల్యూమినియమే. ఇట్లాంటి బోల్టుకు మాన్యువల్‌లల్ల ఇచ్చే బిగింపు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల దరిదాపుల్ల ఉంటది. అంటే జానెడు పానా చివర పదమూడు, పద్నాలుగు కిలోల బరువు వేలాడేసినంత. అదే పానాకు పైపు తొడిగి మూడు జానలు చేసి అంతే బలం పెడితే బిగింపు మూడింతలయితది. గాలి గన్నుతో కొడితే ఇక లెక్కే లేదు. బోల్టు వంకర ఎక్కినా తెల్వదు, చేతికి తెలిసేలోపే మరలు నలిగిపోతయి.

మరి అంత గట్టిగ ఎందుకు బిగిస్తరు? ఆయిల్ చెమ్మ కనబడుతది కాబట్టి. చెమ్మ ఎందుకు? బోల్టు తల కింద ఒక మెత్తటి అల్యూమినియం వాషర్ ఉంటది. అది నలిగి సందు మూస్తది. ఆయిల్‌ను ఆపేది ఆ వాషరే, మరలు కావు. ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాలె. చాయ్ ఖర్చు కంటే తక్కువ. పాతదే వేస్తరు, చెమ్మ పడుతది, ఇంకో చుట్టు తిప్పుతరు. నాలుగైదు ఆయిల్ మార్పులకు మర చచ్చిపోతది. ఆఖరిసారి పానా పట్టినోడే దొంగ అయితడు. తమ్ముడూ, నీ బండికి త్రెడ్ కొట్టేసిన ఆ "ఒకడు" నిజంగా కొట్టేసిండా, అంతకుముందే సగం చచ్చిన మర అతని చేతుల ప్రాణం ఇడిసిందా, నువ్వు చెప్పగలవా?

మా మేస్త్రీ పానా పట్టలేదు ముందు. బోల్టును వేళ్లతో పట్టి, కిందికి గుంజుతూ మెల్లగ తిప్పి ఊడదీసిండు. 900 మిల్లీలీటర్ల ఆయిల్, అదీ నిన్న పోసిన కొత్త ఆయిల్, శుభ్రమైన డబ్బాలకు పట్టిండు. బోల్టు మరల్ల సన్నటి వెండి తీగ చుట్టుకొని ఉంది. "సూశినవా అన్నా, ఇవి బోల్టు మరలు కావు. చాంబర్ మరలు. బోల్టు మంచిగనే ఉంది" అన్నడు. తర్వాత చిటికెన వేలు రంధ్రంల పెట్టి కండ్లు మూసుకున్నడు. పైన రెండు మూడు చుట్లు మిగిలినయి, కింద మొత్తం నున్నగైందని చెప్పిండు. "బరువు మోసేది మొదటి రెండు మూడు చుట్లేనన్నా. లోపలివి పేరుకే. మీరు దీన్ని కూడ ఉపన్యాసంల వాడుకోకున్రి" అని నవ్విండు. వాడుకోను గానీ ఒక మాట. మెషిన్ డిజైన్ పుస్తకాల్ల స్క్రూ త్రెడ్ అధ్యాయం తీయున్రి, బోల్టు తలకు దగ్గర ఉన్న మొదటి మరల మీదనే ఎక్కువ భారం పడుతదని అక్కడ కూడా ఉంటది. పదో తరగతి ఫెయిలైన వేలికి, ఆ పుస్తకానికి మధ్య తేడా భాషలనే ఉంది.

ఇంక వైద్యం ఏంది? దారులు అతనే చెప్పిండు. టేపు చుట్టి, ఎం-సీల్ మెత్తి పంపొచ్చు. "గట్ల చేసి పైసలు తీసుకుంటే అన్నం అరగదు" అన్నడు. రంధ్రం పెద్దచేసి 14 బోల్టు వేయొచ్చు, కానీ అది కూడా పోతే రేపు చుట్టూ లోహం మిగలదు. లేత్ మీద మందం బుష్ చేయించి, బయట మర, లోపల మర కొట్టించి బిగించొచ్చు. మంచి పనే గానీ చుట్టూ గోడ మందం ఉండాలె. ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపి మళ్లీ మర తీయొచ్చు, కానీ ఏండ్ల కొద్దీ ఆయిల్ తాగిన అల్యూమినియం వెల్డింగ్‌కు లొంగదు, బుడగలు వస్తయి. ఇవన్నీ చెప్పి, "నీ బండికి కాయిల్ చాలు" అని తీర్పు ఇచ్చిండు. అద్దాల క్యాబిన్ల నాకు ఒకటే దారి చూపిచ్చిన్రు. వేపచెట్టు కింద ఐదు దార్లు, ఐదింటికీ కారణాలు.

కాయిల్ అంటే హెలికాయిల్. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను స్ప్రింగ్ లెక్క చుట్టి ఉంటది. పాడైన మరను పూర్తిగ తీసేసి, కొంచెం పెద్ద మర కొట్టి, ఆ మరల్ల ఈ తీగను కూసోబెడితే లోపల మళ్లా అసలు సైజు మర తయారైతది. బండిని ప్లగ్గు తీసి, పెట్రోల్ ట్యాంకు దించి, బ్యాటరీ తీసి, పాత టైరు మీద పక్కకు పండబెట్టిండు. 12.5 డ్రిల్లు బిట్టు. బిట్టుకు, తర్వాత ట్యాప్‌కు గాడుల నిండా గ్రీజు పెట్టిండు, చెత్త లోపలికి పోకుండ దానికే అంటుకోవాలని. ట్యాప్ నిటారుగ ఉందా లేదా అని రెండు దిక్కుల నుంచి గుండ్రాయి లెక్క కదలకుండ కూసొని చూసిండు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు ఎనకకు. మళ్లా సగం, మళ్లా పావు. ప్రతి నాలుగు చుట్లకు బయటికి తీసి తుడిచి, కొత్త గ్రీజు. షెడ్డుల పని నేర్చుకునే పోరడు "అన్నా, అయస్కాంతం పెడితే చెత్త వస్తది గదా" అన్నడు. "అల్యూమినియం అయస్కాంతానికి అంటుతదారా?" అని అడిగి, వాణ్నే ఆలోచించుకోనిచ్చిండు. ఇది పాఠం కాదంటే, పాఠం అంటే ఏందో నాకు తెల్వదు.

కాయిల్ ఎక్కించినంక దాని కొనకు ఒక చిన్న అడ్డ ముక్క ఉంటది, తిప్పేటందుకు. దాన్ని ఇరగ్గొట్టాలె. ఇరిగిన ముక్క చాంబర్ల పడితే ఇంకో కథ. అందుకే ముందే సన్నముక్కు పట్టకారుతో పట్టుకొని ఇరిచి, బయటికి తీసి నా అరచేతుల పెట్టిండు. "లెక్క ఉండాలె. పోయింది ఎంత, వచ్చింది ఎంత." తర్వాత పై నుంచి కొంచెం ఆయిల్ పోసి, బోల్టు లేకుండనే కిందికి కారనిచ్చిండు. జాలీ కూడ తీసి కడిగిండు. కొత్త వాషర్ వేసి, పొట్టి పానాతో, మణికట్టు బలంతోనే బిగించిండు. గంటన్నర పని. ఆరు వందలు అడిగిండు, కాయిల్ ఖరీదుతో కలిపి.

ఇప్పుడు అసలు పంచాయితీకి వద్దాం.

నేను ఈ కథ ఒక మిత్రునికి చెప్తే, మంచి మనిషే, ప్రగతిశీల మనిషే, "ఆహా, మనోళ్ల జుగాడ్ చూడు!" అన్నడు. నాకు సూపర్‌వైజర్ మీద కంటే ఈ మాట మీద ఎక్కువ కోపం వచ్చింది. 2012లో "జుగాడ్ ఇన్నోవేషన్" అని పుస్తకమే వచ్చింది, మేనేజ్‌మెంట్ స్కూళ్లల్ల బాగా తిరిగింది. పేదోని తెలివిని మెచ్చుకున్నట్టే ఉంటది. కానీ జుగాడ్ అంటే ఏంది? ఏదో ఒకటి అతికించి గండం గట్టెక్కడం. టేపు చుట్టుడు జుగాడ్. ఎం-సీల్ జుగాడ్. మా మేస్త్రీ వద్దన్నది దాన్నే! కాయిల్ ఇన్‌సర్ట్‌లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమాన ఇంజన్లల్ల వాడిన్రు. ఇప్పుడు కూడా విమానాల అల్యూమినియం భాగాల్ల కొత్తగ తయారు చేసేటప్పుడే వేస్తరు, ఎందుకంటే మాటిమాటికి విప్పి బిగించే చోట ఉక్కు మర అల్యూమినియం మర కంటే ఎక్కువ కాలం ఆగుతది. విమానం ఫ్యాక్టరీల వేస్తే ఇంజనీరింగ్, ధర్మసాగర్ రోడ్డు మీద వేస్తే జుగాడ్. ఒకే తీగ, ఒకే మర. మారింది చెయ్యే. చెయ్యిని బట్టి పనికి పేరు పెట్టే అలవాటు ఈ దేశంల ఎక్కడ పుట్టిందో నన్నే అడుగుతవా తమ్ముడూ?

మా తాతల కాలంల ఈ చెరువు కింద బావుల మీద మోటలు నడిచినయి. ఎద్దులు గుంజితే తోలు బొక్కెన నీళ్లు మోసుకొచ్చేది. ఆ తోలు ఊనింది ఎవరు, కుట్టింది ఎవరు? తోలుకు తోలు కుట్టిన చోట నీళ్లు కారకుండ ఎంత తడిమీద కుట్టాలె, ఎంత బిగువు పెట్టాలె, ఏ దిక్కు తోలు సాగుతది, ఏ దిక్కు సాగదు? నీళ్లు కారకుండ ఆపడమనే విద్య మాదిగోళ్ల చేతుల్ల తరాల తరబడి ఉంది. 1970ల చివర్నుంచి ఊరూరా పాతిన ఇండియా మార్క్ 2 చేతిపంపుల్ల నీళ్లను పైకి తెచ్చింది కూడా మొదట్ల తోలు వాషర్లే. వాషర్ అరిగితే పంపు దమ్ము పోయేది. ఊరంతా ఆ నీళ్లు తాగింది. ఆ తోలును తాకిన చేతికి మాత్రం మంచినీళ్ల బావిని తాకే హక్కు లేదన్నది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన "టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్" పుస్తకంల తోలుపనిని, కుండపనిని, చాకలిపనిని శాస్త్రాలుగ పరిచయం చేస్తే కొందరికి అది అతిశయోక్తి అనిపించింది. మా మేస్త్రీ వాషర్‌ను గోటితో గీకి చూసే తీరు చూస్తే అనిపించదు.

ఇంకో త్రెడ్ సంగతి కూడా యాది చేయాలె, ఇది నూలు త్రెడ్. బొంబాయి బట్టల మిల్లుల్ల అంటరానోళ్లకు స్పిన్నింగ్‌ల పని దొరికేది, కూలి ఎక్కువుండే నేత ఖాతాలకు రానిచ్చేటోళ్లు కారు. కారణం? నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారాన్ని నోటితో పీల్చి బయటికి తీయాలె. అంటరానోని ఎంగిలి తగిలిన నాడె మేం ముట్టమని సవర్ణ కార్మికులే అడ్డం పడ్డరు. మిల్లు ఓనర్ కాదు, ఎర్రజెండా పట్టుకున్న తోటి కార్మికులు. 1928 సమ్మె టైంల అంబేడ్కర్ ఈ సంగతి లేవనెత్తిండు. యంత్రం వస్తే కులం పోతదన్నోళ్లకు అప్పుడే జవాబు దొరికింది. 1936లో "కుల నిర్మూలన"ల ఆయన వాదన కూడా ఇదే, కులం పనిని పంచేదే కాదు, పనిచేసేటోళ్లను ఒకరి కింద ఒకర్ని పేర్చేది అని.

మరి మోటారు షెడ్లు ఎట్ల తెరుచుకున్నయి మనకు? నా లెక్కల, స్ప్లెండర్ గురించి ఏ స్మృతిల రాయలేదు కాబట్టి. ఈ పనికి ముందే ఒక కులం పేరు అంటుకొని లేదు. అందుకే ఈ షెడ్లల్ల ముస్లిం ఉస్తాదులు, మాల మాదిగ పోరలు, వడ్రంగి కమ్మరి ఇండ్లోళ్లు, గొల్ల కురుమలు ఒకే కంచంల కాకపోయినా ఒకే డబ్బాల పెట్రోల్‌తో చేతులు కడుక్కుంటరు. ఇది చిన్న సంగతి కాదు. కానీ సర్కారు కండ్లకు ఇది ఆనదు.

2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, చెప్పులు కుట్టేటోళ్లు, మంగలి, చాకలి... 15 వేల రూపాయల పనిముట్ల సాయం, ఐదు శాతం వడ్డీకి మూడు లక్షల దాకా రెండు విడతల అప్పు. చెప్పులు కుట్టేటోనికి సాయం వద్దని ఎవరంటరు? కానీ అర్హత చదవున్రి, కుటుంబ పరంపరగ వచ్చే వృత్తి అయి ఉండాలె. లక్ష్యాల్ల "గురు శిష్య పరంపర" అనే మాట ఉంది. అంటే మా మేస్త్రీ వాళ్ల తాత లెక్క ఆరె పట్టుకుంటే 15 వేలు, తాత పని ఇడిసి పానా పట్టుకుంటే సున్నా. మెకానిక్ ఆ 18ల లేడు. మనిషి తన కులం పనిని దాటి బయటికొచ్చిన చోటనే పథకం ఆగిపోయింది. 2024 నవంబర్‌ల తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయమని కేంద్రానికి లేఖ రాసిండు, కుటుంబ వృత్తి అనే షరతు తీసేయమన్నడు. వాళ్లకు పాత గాయం యాదికుంది. 1953ల రాజాజీ పిల్లలకు సగం పూట బడి, మిగతా పూట తల్లిదండ్రుల పని అని తెచ్చిన "కుల కల్వి" పథకం. జనం కొట్లాడితే 1954ల కామరాజ్ వచ్చి ఎత్తేసిండు. మన దగ్గర ఈ లేఖ మీద ఎంత చర్చ జరిగింది? మన సంఘాల్ల? మన గ్రూపుల్ల?

మనోళ్లను కూడా నాలుగు మాటలు అనాలె, లేకపోతే ఈ రాత అబద్ధమైతది.

మా మేస్త్రీ బిడ్డ పాలిటెక్నిక్ చదువుతంది. ఆమెను అడిగే ఇది రాస్తున్న. ల్యాబ్‌ల సారు ఒక పెట్టెల రకరకాల బోల్టులు పోసి, గేజీ పెట్టి పిచ్ కొలవమన్నడట. ఈ పిల్ల గేజీ తీయకముందే ఒకటి చేతిల పట్టుకొని "12 బై ఒకటిన్నర" అన్నది. సారు కొలిచిండు, అంతే. ఎట్ల తెలిసిందమ్మా అని అడిగిండు. క్లాసంతా ఈ పిల్లనే చూస్తంది. "యూట్యూబ్‌ల చూసిన సార్" అన్నది.

చిన్నప్పటి నుంచి నాయిన పక్కన కూసొని బోల్టులు ఏరి డబ్బాల్ల సదిరిన పిల్ల. యూట్యూబ్‌ల చూసిన అని చెప్పింది. నాయిన పేరు చెప్తే తర్వాతి ప్రశ్న ఏమొస్తదో ఆమెకు తెలుసు: మీది ధర్మసాగర్ల ఎక్కడ?

ఆ అబద్ధం ఆమెతోని ఎవరు చెప్పించిన్రు? క్లాసు ఒక్కటే కాదు. మనం కూడా. మన మీటింగుల్ల "చదువుకోకపోతే పానా పట్టుకోవాల్సి వస్తది" అని పిల్లలను బెదిరించిన ఉపన్యాసాలు నేను కూడా ఇచ్చిన. ఐఏఎస్ అయిన దళిత బిడ్డకు ఫ్లెక్సీ కడతం, సన్మానం చేస్తం, మంచిదే. మా మేస్త్రీకి ఎన్నడన్నా కండువా కప్పినమా? కింద బండి పండబెట్టి ఆయన చేసే పని మన ఆత్మగౌరవ లిస్టుల ఎందుకు లేదు?

ఇక్కడ జాగ్రత్తగ చదవున్రి, రేపు నన్ను తిట్టేటోళ్లు ఇక్కడ్నే పట్టుకుంటరు. ఆ పిల్ల నాయిన షెడ్డుల పానా పట్టాలె అని నేను అనట్లేదు. ఆమె ఎయిరోస్పేస్ చదవాలంటది, చదవాలె. పనికి గౌరవం పేరుతోని మన పిల్లలను ఆ పనికే కట్టేసేది విశ్వకర్మ పథకం లెక్క, మన లెక్క కాదు. అంబేడ్కర్ 1942 అక్టోబర్‌ల వైస్రాయ్‌కి ఇచ్చిన మెమొరాండంల షెడ్యూల్డ్ కులాల పిల్లలకు సైన్స్, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు అడిగిండు, విదేశాలకు పంపమన్నడు, అదే కాగితంల సర్కారు ప్రెస్సుల్ల, రైల్వే వర్క్‌షాపుల్ల అప్రెంటిస్‌లుగ తీసుకోమని కూడా అడిగిండు. రెండూ ఒకే నోటితో. మనం ఆ కాగితంల మొదటి సగమే చదువుకున్నం. పక్కన కాజీపేట జంక్షన్ పెట్టుకొని కూడా.

ఇంక తమ్ముని ప్రశ్నల మిగిలిన సగం. షెడ్డోళ్లు పాడు చేయరా? చేస్తరు. మా మేస్త్రీనే అన్నడు, "నేను కూడ మూడు బండ్ల త్రెడ్లు కొట్టేసిన మొదట్ల. ఎందుకు దాస్త? ఓనర్లు కొట్టిన్రు కూడ." అతని దగ్గర ఇప్పటికీ టార్క్ పానా లేదు. వేలల్ల ఉంటది. మణికట్టే అతని మీటర్, మణికట్టు అలిసిపోతది, సాయంత్రం ఆరింటికి మణికట్టు చెప్పే 30 వేరు. ఆ పానా కొననీకి అప్పు ఏ బ్యాంకు ఇస్తది, ఏ పథకం కింద? దళితబంధుల పది లక్షలతో కార్లు, ట్రాక్టర్లు, ట్రాలీలు ఇచ్చిన్రు, పక్కన హుజూరాబాద్‌ల మొదలైంది 2021ల. బండ్లు ఇచ్చిన చేతులకు ఆ బండ్లను బాగుచేసే షెడ్లకు పనిముట్లు ఇయ్యాలని ఎంత తట్టింది? కేంద్రం 2022ల రైట్ టు రిపేర్ కమిటీ వేసింది, ఆటోమొబైల్ కూడా అందుల ఉంది, పోర్టల్ పెట్టింది. పోర్టల్ కొన్న మనిషి కోసం. బాగుచేసే మనిషికి మాన్యువల్ కావాలె, తెలుగుల కావాలె, బిగింపు లెక్కలు అందుల ఉండాలె. చాంబర్ మార్చాలె అన్న మాట ఎప్పుడు అవసరం, ఎప్పుడు దోపిడీ అని తేల్చే అధికారం ఆ షెడ్డుకు ఉండాలె.

ఆ చేతుల సంగతి కూడా. వాడిన ఇంజన్ ఆయిల్ల పీఏహెచ్‌లనే క్యాన్సర్ కారకాలు ఉంటయి. ఆయిల్ నల్లగ ఉంటే పోరలు దాంట్లనే చేతులు పెట్టి బోల్టులు దేవుకుంటరు. గ్లౌజులు లేవు. పది మంది కంటే తక్కువ ఉన్న షెడ్డుకు ఈఎస్ఐ తప్పనిసరి కాదు. పారబోసిన ఆయిల్ మోరీల నుంచి ఎటు పోతది? ధర్మసాగర్ చెరువు వరంగల్ తాగునీటి చెరువుల్ల ఒకటి. మా మేస్త్రీ పాత ఆయిల్‌ను డ్రమ్ముల పోసి పెడుతడు, కొనేటోడు వచ్చిన్నాడు అమ్ముతడు. రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం అని అతనికి ఎవరూ చెప్పలేదు. చెరువు నీళ్లు పట్నం తాగుతదని మాత్రం అతనికి తెలుసు.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లు చెల్లెళ్లు అడుగుతుంటరు, వాడల ఏం పని చేయాలె అన్నా అని. జయంతికి దండలు వేసినంక ఒక ఆదివారం షెడ్డుకు పోయి కూసోన్రి. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు రాసుకోన్రి, ఏ బండికి ఏ బోల్టు, ఎంత బిగింపు, ఏ తప్పుకు ఏ వైద్యం. మీరు ఇంగ్లిష్ మాన్యువల్ చదివి తెలుగుల చెప్పున్రి. ఇద్దరికీ ఒకరి దగ్గర ఒకటి ఉంది. మొదలువెట్టింది నేను కాదు, ఆ పిల్లే. ల్యాబ్ ముచ్చట నాయినకు చెప్పి ఏడ్చిందట. ఆయన ఏమనలేదట, "యూట్యూబ్‌ల నేను కనవడ్తనా మరి?" అని నవ్విండట. తర్వాత ఆదివారం నుంచి షెడ్డు రేకు తలుపు మీద సుద్దముక్కతో ఆమె రాస్తంది. పైన బండి పేరు, కింద బోల్టు సైజు, పిచ్, బిగింపు, వాషర్ మార్చిన తేదీ. పని నేర్చుకునే పోరడు దాన్ని చూసి చదువుడు నేర్చుకుంటండు.

పోయిన నెల ఆయిల్ మార్పించనీకి పోయిన. కాయిల్ వేసినంక ఇది రెండోసారి. బోల్టు విప్పి, కొత్త వాషర్ వేసి, పోరడు బిగించిండు. మేస్త్రీ పక్కన నిలబడి చూసిండు తప్ప చెయ్యి పెట్టలేదు. తెల్లారి బండి కింద పేపర్ పరిచి చూసిన. పేపర్ పొడిగనే ఉంది.

జై భీమ్.